తలా తోకా లేని పుస్తకం

కుంపటి దగ్గరికి జరుగు నాయనా. మన ధర్మపురిలో మార్గళి చలి ఎముకల్లోకి దిగుతుంది. ఆ సెల్లు జేబులో పెట్టుకో, దానికేం చలి పుట్టదులే. మొన్న అడిగావు చూడు, "కథ ఎన్నో అచ్చులోనైనా అదే కదా తాతా, యుద్ధం నవలలకి మొదటి అచ్చే ఎందుకు వెతుకుతావు?" అని. పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. అది దిగేదాకా నీకు వేరే పనేం లేదు గదా, విను.

నువ్వు కూర్చున్న నేలే యుద్ధాలు చూసిన నేల. దీన్ని బారామహల్ అనేవాళ్లు. 1792లో శ్రీరంగపట్నం ఒడంబడికతో టిప్పు చేతిలోంచి కుంఫిణీ చేతికి పోయింది. అలెగ్జాండర్ రీడ్ దొర కింద పనిచేసిన థామస్ మన్రో 1799 దాకా శిస్తు లెక్కలు చూసుకుంటూ ఇక్కడే ఉన్నాడు. తర్వాత కడప, బళ్లారి వైపు వెళ్లి అక్కడి జనం నోట మన్రోలయ్య అయ్యాడు. ఆయన సంగతి మొదలుపెడితే తెల్లారుతుంది, పక్కన పెడదాం. ఆ మైసూరు యుద్ధం మీద ఒక నవల ఉంది, నేను చెప్పాలనుకున్నది దాని గురించి.

నిజాం సైన్యంలో పనిచేసిన మెడోస్ టైలర్ రాసిన 'టిప్పూ సుల్తాన్' అది. లండన్‌లో రిచర్డ్ బెంట్లీ 1840లో మూడు సంపుటాలుగా అచ్చేశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో నవలంటే మూడు సంపుటాలు, ధర ముప్పై ఒకటిన్నర షిల్లింగులు. అంత పెట్టి కొనేవాడెవడు? అద్దె లైబ్రరీలు కొనేవి, జనం ఒక్కో సంపుటమే ఇంటికి తెచ్చుకుని చదివేవాళ్లు. ఒకటి ఒకరింట్లో, రెండోది ఇంకొకరింట్లో తిరిగి తిరిగి, మూడూ ఒకచోట మిగలడమే కష్టమైపోయింది.

నేను కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరిన రోజులు. కాఫీ ముప్పై పైసలు. నెలకొక ఆదివారం తొలి బస్సుకి బెంగళూరు పోయి, అవెన్యూ రోడ్డులో పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి. అప్పట్లో బేరమంటే ఒక మర్యాద ఉండేది. కావలసిన పుస్తకం ముందు ముట్టుకోకూడదు. అక్కర్లేనివి రెండు తిరగేసి, వాటి ధర అడిగి, పెదవి విరిచి, లేవబోతూ "ఇదెంత?" అనాలి. కొట్టువాడికీ ఆ నాటకం తెలుసు. తెలిసీ ఆడనిచ్చేవాడు. అలా ఒకరోజు ఒక తోలు వీపు పుస్తకం కంటబడింది. లోపల 1840, బెంట్లీ పేరు, మూలన ఏదో లైబ్రరీ చీటీ. ఎంత వెతికినా ఒకటే దొరికింది, రెండో సంపుటం. పన్నెండు రూపాయలకి తెచ్చుకున్నాను. మీ నాయనమ్మ తిరగేసి చూసి, "తలా తోకా లేని పుస్తకానికి పన్నెండు రూపాయలా?" అంది. మాట ఉన్నది ఉన్నట్టే ఉంది! ఎవరి పిచ్చి వారికానందం. మిగతా కథ తర్వాతి అచ్చులో చదువుకున్నాను. ఒకటీ మూడూ మాత్రం ఇప్పటికీ దొరకలేదు. ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

కథ తెలిశాక వెతకడం దేనికంటావు. మొదటి అచ్చు వేసిననాడు ఆ పుస్తకం బతుకుతుందో లేదో ఎవడికీ తెలియదు నాయనా. అప్పటి కాగితం, ధర, తప్పులు, భయాలు అన్నీ అందులోనే ఉంటాయి. తర్వాతి అచ్చుల్లో తప్పులు దిద్దేస్తారు, భయాలు కప్పేస్తారు. హెమింగ్వే 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' 1929లో వచ్చింది. ఇందులో పాత్రలు నిజమైన మనుషులు కారు అనే మాట తొలి ప్రతుల్లో లేదు, తర్వాత చేర్చారు. పైన తొడిగిన రేపరు మీద కథానాయిక పేరే తప్పు పడింది. ఆ తప్పున్న రేపరుకే ఇప్పుడు గిరాకీ. లోకం తీరు చూడు, మా బళ్లో పిల్లాడు పేరు తప్పు రాస్తే తొడపాశం పెట్టేవాళ్లం.

మన తెలుగు పుస్తకాలకి ఇంత హడావుడి లేదు, కానీ ఆనవాళ్లు ఉన్నాయి. లోపల పేరున్న పేజీ వెనక్కి తిప్పు. 'ప్రథమ ముద్రణ', 'ప్రతులు 1000' అని ఉంటుంది. అచ్చాపీసు పేరూ ఊరూ తప్పక ఉంటాయి, 1867 నాటి చట్టం అలా పెట్టమంది. ఏడాది వేయకపోతే ధర చూడు. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుదనుకో. 'న.పై.' అని ఉంటే నయాపైసల కాలం, 1964 జూన్‌కి ముందుది. ఒక్కోచోట ఏడాదికి బదులు 'పార్థివ' అని ఉంటుంది. అరవై ఏళ్లకొకసారి అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి కాగితం నలిపి చూసి మరీ తేల్చుకోవాలి.

యుద్ధకాలపు కాగితం వేలికే తెలుస్తుంది. మొరప్పూరు నుంచి మన ఊరి మీదుగా హోసూరు దాకా చిన్నరైలు నడిచేది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అది ఆగిపోయి పట్టాలు కూడా పోయాయని మా నాయన చెప్పేవాడు. ఇనుముకే ఆ గతి పడితే కాగితం మాట చెప్పాలా? దానికీ కంట్రోలే. అడివి బాపిరాజు గారు హైదరాబాదులో 'మీజాన్' పత్రిక నడుపుతున్న రోజులవి. కాకతీయుల నాటి కత్తులూ గుర్రాలతో నిండిన 'గోన గన్నారెడ్డి' ఆ కరువులోనే, 1945 ప్రాంతంలో వచ్చింది. అంతకు చాలా ముందే విజ్ఞాన చంద్రికా మండలి వాళ్లు కేతవరపు వేంకటశాస్త్రి గారి 'రాయచూరు యుద్ధము' వేశారు. 1520లో కృష్ణదేవరాయలు గెలిచిన యుద్ధమది. ఇలాంటివాటి తొలి ప్రతుల కోసం మద్రాసు మూర్ మార్కెట్లో ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో! 1985 మే నెలాఖరులో ఆ మార్కెట్టే తగలబడిపోయింది. పేపర్లో ఆ ఫోటో చూసి ఆ పూట అన్నం ముట్టలేదు నేను.

అరవం వాళ్లకీ ఒక గొప్ప యుద్ధం నవల ఉంది, ప. సింగారం రాసిన 'పుయలిలే ఒరు తోణి'. జపాను వాళ్లు దిగిన రోజుల్లో మెడాన్, పెనాంగ్‌లలో మనవాళ్ల బతుకు అందులో ఉంటుంది. రాసిన చాలా ఏళ్లకు గాని అచ్చుకాలేదు, 1972లో వచ్చింది. వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ, ఇప్పుడు ఆ తొలి ప్రతి కోసం తిరగని వీధి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇక నా కడుపుకోత ఒకటి చెప్పి లేస్తాను, సంగటి వాసన వస్తోంది. 'గన్నారెడ్డి' పాత ప్రతి ఒకటి చేతికొస్తే, గట్టిగా ఉంటుందని బైండింగుకి ఇచ్చాను. వారం పోయాక వెళితే కాలికో అట్టతో పెళ్లికొడుకులా మెరుస్తోంది. తెరిచి చూద్దును గదా, బొమ్మ ఉన్న పాత అట్ట లేదు, వెనక ప్రకటనల పేజీలు లేవు, అంచులు పావు అంగుళం కోసేశాడు. అక్షరాల తలలు తెగి ఉన్నాయి. పాపం, అతను మంచి చేశాననే అనుకున్నాడు. ఆ రోజు నుంచి పుస్తకాల మధ్య వస కొమ్ము, వేపాకు పెట్టుకోవడమే తప్ప ఏ పుస్తకాన్నీ బైండుకి ఇవ్వలేదు.

మీ అమ్మమ్మ వాళ్ల ఊరు డెంకణికోట పక్కనే కదూ? పండక్కి పోతావుగా. అటక మీద పాత పుస్తకాలుంటే కిలోల లెక్కన పాత పేపర్లవాడికి తూచకముందు ఒక్కొక్కటీ తెరిచి చూడు. అట్ట చింపొద్దు, పేరు రాయొద్దు, ఊడిన కాగితం ముక్క కూడా పారేయొద్దు. ఉన్నదున్నట్టు గుడ్డసంచిలో వేసి నాకు పట్టుకురా.