'తెగులు' అనే మాట: శాన్ ఫ్రాన్సిస్కో పౌర సంఘం కృషిలో ఇల్లు, ఆరోగ్యం, రవాణా (1910–1972)

వ్యాస సారాంశం

1906 భూకంపం తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో కొందరు పౌరులు స్వచ్ఛందంగా ఒక గృహ సంఘాన్ని స్థాపించారు. అది పలుమార్లు పేరు మార్చుకొని, నేడు 'స్పర్' అనే ప్రాంతీయ సంస్థగా కొనసాగుతోంది. అద్దె ఇళ్లలో గాలి, వెలుతురు, నీరు ఉండాలన్న ప్రజారోగ్య ఉద్యమంగా మొదలైన ఈ కృషి, నాలుగు దశాబ్దాల తర్వాత వేలాది కుటుంబాలను నిర్వాసితులను చేసిన పునర్నిర్మాణ పథకానికి వాదనను సమకూర్చింది. ఈ పరిణామం ఎలా జరిగిందో, అందులో ఆరోగ్య పరిభాష పాత్ర ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పౌర సంఘాలు, గృహవసతి, ప్రజారోగ్యం, పట్టణ పునర్నిర్మాణం, ప్రజారవాణా, నిర్వాసితులు.

1. ఉపోద్ఘాతం

నగర చరిత్రను సాధారణంగా పాలకుల చరిత్రగానో, వ్యాపార చరిత్రగానో రాస్తారు. అధికారం లేకపోయినా లెక్కలు సేకరించి, నివేదికలు అచ్చువేసి, చట్టసభల మీద ఒత్తిడి తెచ్చిన పౌర సంఘాలకు ఆ చరిత్రలో దక్కే చోటు తక్కువ. కాని ఇరవయ్యో శతాబ్దపు నగరాల రూపురేఖలలో వాటి ముద్ర చిన్నది కాదు. శాన్ ఫ్రాన్సిస్కో సంఘం ఇందుకు మంచి ఉదాహరణ. దాని పద్ధతి మొదటినుంచీ ఒక్కటే: ఇంటింటి పరిశీలన, నివేదిక, చట్టం. పద్ధతి మారకున్నా ఫలితాలు మాత్రం పరస్పర విరుద్ధంగా వచ్చాయి. ఈ వైరుధ్యమే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. భూకంపం, ప్లేగు, అద్దె వాటాలు

1906 ఏప్రిల్ 18 నాటి భూకంపం, దాని వెంట మూడు రోజులపాటు చెలరేగిన మంటలు శాన్ ఫ్రాన్సిస్కోలో సుమారు 28,000 భవనాలను నాశనం చేశాయి. నాలుగు లక్షల జనాభాలో సగానికి పైగా నిలువనీడ కోల్పోయారు. వారి కోసం ఉద్యానవనాలలో 5,610 చిన్న చెక్క గుడిసెలు కట్టారు. మిగిలినవారు వేగంగా లేచిన అద్దె భవనాలలో తలదాచుకున్నారు. స్థలం కొరత, అద్దె ఆశ కలిసి కిటికీలు లేని గదులను, అనేక కుటుంబాలకు ఒకే మరుగుదొడ్డి ఉన్న వాటాలను పుట్టించాయి.

అంతకు ముందే ఆ నగరం ప్లేగును చూసింది. 1900లో చైనాటౌన్‌లో వ్యాధి బయటపడినప్పుడు అధికారులు ఆ పేట చుట్టూ తాళ్లు కట్టి, రాకపోకలు ఆపారు. మరోవైపు గవర్నర్ హెన్రీ గేజ్ వ్యాధి ఉందన్న మాటనే ఖండించాడు. ప్లేగును చైనీయుల జబ్బుగా చూడడం అప్పటి సాధారణ ధోరణి. 1907లో ప్లేగు మళ్లీ వచ్చినప్పుడు రోగులలో అత్యధికులు తెల్లజాతివారు. ఈసారి రూపర్ట్ బ్లూ నాయకత్వంలోని వైద్య సిబ్బంది మనుషులను వెలివేయడం మీద గాక ఎలుకలను పట్టడం మీద, అవి దూరకుండా నేలలను గచ్చు చేయించడం మీద దృష్టి పెట్టింది. వ్యాధి మూలం జాతిలో లేదని, ఇంటి కట్టడంలో ఉందని నగరానికి అనుభవంలో తెలిసివచ్చింది.

1910లో శాన్ ఫ్రాన్సిస్కో హౌసింగ్ అసోసియేషన్ ఈ నేపథ్యంలోనే పుట్టింది. పిల్లల వైద్యుడు లాంగ్లీ పోర్టర్, సమాజ సేవిక ఆలిస్ గ్రిఫిత్ దానికి ముఖ్యులు. గ్రిఫిత్ అప్పటికి ఇరవై ఏళ్లుగా టెలిగ్రాఫ్ హిల్ పేటలో వలస కుటుంబాల మధ్య పనిచేస్తున్నారు. 1890లో ఎలిజబెత్ ఆష్‌తో కలిసి ఆమె అక్కడ సేవా కేంద్రాన్ని ప్రారంభించారు. సంఘం 1911లో వెలువరించిన నివేదిక అద్దె భవనాల స్థితిని ప్రజల ముందుంచింది. కాలిఫోర్నియాలో 1909లోనే అద్దె భవనాల చట్టం ఒకటి వచ్చింది. 1911 నాటి కొత్త చట్టం వెనుక ఈ సంఘం కృషి ఉంది.

ఈ దశలో సంఘం దృష్టిలో ఇల్లు రోగకారకం, అద్దెదారు బాధితుడు. ఇంటిని బాగు చేయమని యజమానిని చట్టం ద్వారా నిర్బంధించడమే చికిత్స. ఉన్న మనిషి ఉన్నచోటే ఉంటాడన్నది ఆ ఆలోచనకు ఆధారం.

3. రోగి స్థానంలో పేట

1930ల చివరికి రెండు కొత్త ధోరణులు వచ్చాయి. మొదటిది ప్రభుత్వమే ఇళ్లు కట్టడం. 1938లో ఏర్పడిన నగర గృహనిర్మాణ సంస్థ తొలి కమిషనర్లలో ఆలిస్ గ్రిఫిత్ ఒకరు. రెండోది సమగ్ర ప్రణాళిక. 1939లో యువ వాస్తుశిల్పులు, ప్రణాళికావేత్తలు కలిసి 'టెలెసిస్' అనే స్వచ్ఛంద బృందంగా ఏర్పడ్డారు. నివాసం, పని, వినోదం, వీటిని కలిపే సేవలు అనే నాలుగు అంశాలను ఒకే చట్రంలో చూడాలని వారు 1940లో నగర కళా ప్రదర్శనశాలలో పెట్టిన ప్రదర్శన ద్వారా చాటారు. ఈ వాతావరణంలో పాత గృహ సంఘం కూడా తన పేరులో 'ప్రణాళిక'ను చేర్చుకొని, ప్లానింగ్ అండ్ హౌసింగ్ అసోసియేషన్ అయింది. ఇంటినుంచి పేటకు, పేటనుంచి ప్రాంతానికి దృష్టి విస్తరించింది.

అదే కాలంలో వెస్టర్న్ అడిషన్ అనే పేటలో జనాభా స్వరూపం మారిపోయింది. 1942లో జపాను సంతతివారిని ప్రభుత్వం బలవంతంగా నిర్బంధ శిబిరాలకు తరలించింది. ఖాళీ అయిన ఇళ్లలోకి నౌకా నిర్మాణ పనుల కోసం దక్షిణాది రాష్ట్రాలనుంచి వచ్చిన నల్లజాతి కార్మికులు చేరారు. నగరంలో వారి సంఖ్య 1940లో 4,846 కాగా, 1950 నాటికి సుమారు 43,000. ఇతర పేటలలో ఇల్లు అద్దెకివ్వకుండా, అమ్మకుండా జాతి నిబంధనలు అడ్డుకున్నాయి. గృహనిర్మాణ సంస్థ కూడా పేటలోని జాతి పొందికను మార్చరాదన్న విధానం పాటించి, నల్లజాతివారికి వెస్ట్‌సైడ్ కోర్ట్స్ అనే ఒక్క సముదాయాన్నే తెరిచింది. ఈ విధానం చెల్లదని న్యాయస్థానం చెప్పడానికి 1953 దాకా పట్టింది. అంటే వెస్టర్న్ అడిషన్‌లోని ఇరుకుకు ముఖ్య కారణం ఆ పేటలో లేదు. మిగిలిన నగరం మూసుకున్న తలుపులలో ఉంది.

1947లో సంఘం ప్రచురించిన 'బ్లైట్ అండ్ టాక్సెస్' అనే చిన్న పుస్తకం ఈ కారణాన్ని వెతకలేదు. అది వెస్టర్న్ అడిషన్‌లోని గీరీ–ఫిల్మోర్ భాగాన్ని, సంపన్నమైన మరీనా పేటతో పోల్చింది. పన్నుల రూపంలో వచ్చే ఆదాయం కంటే ఆ పేట సేవలకు నగరం పెట్టే ఖర్చు ఎక్కువని లెక్క చూపింది. శీర్షికలోని 'బ్లైట్' అన్న మాట గమనార్హం. అది మొక్కలకు పట్టే తెగులు. తెగులు ముదిరిన మొక్కను పక్క మొక్కలకు పాకకుండా రైతు పీకి కాల్చేయడం ఉంది. 1910లో ఇల్లు మనిషికి జబ్బు తెచ్చేది, 1947 నాటికి పేటే నగరానికి పట్టిన జబ్బు. అద్దెదారు బాధితుడి స్థానంనుంచి ఖర్చు పద్దులోకి మారాడు. సంఘం ఉద్దేశంలో కొరవడింది దయ కాదు. పొదుపరులైన పాలకులను ఒప్పించాలంటే ఖర్చు భాషే పనిచేస్తుందని అది నమ్మింది. కాని ఒకసారి ఆ భాషలో వాదించాక, జవాబు కూడా ఆ భాషలోనే వచ్చింది.

1945 నాటి రాష్ట్ర పునర్నిర్మాణ చట్టం ఆధారంగా 1948లో నగరం వెస్టర్న్ అడిషన్‌ను పునర్నిర్మాణ ప్రాంతంగా ప్రకటించింది. శిబిరాలనుంచి తిరిగివచ్చి మళ్లీ దుకాణాలు తెరుచుకున్న జపాను కుటుంబాలు కూడా ఈ గీతల లోపలికే వచ్చాయి.

4. వెడల్పైన దారి, రాని రైలు

1959లో సంఘం మరోసారి రూపు మార్చుకుంది. బ్లైత్, జెల్లర్‌బాక్ అనే వ్యాపార ప్రముఖుల కమిటీ చొరవతో అది 'స్పర్'గా, అంటే నగర ప్రణాళిక, పట్టణ పునర్నవీకరణ సంఘంగా అవతరించింది. సమాఖ్య నిధులు పొందాలంటే పౌరుల భాగస్వామ్యం చూపాలి. ఆ పౌర ప్రాతినిధ్యం స్పర్‌కు దక్కింది. అదే ఏడు జస్టిన్ హెర్మన్ పునర్నిర్మాణ సంస్థకు అధిపతి అయ్యాడు.

పథకంలోని రవాణా భాగం ఫలితాన్ని స్పష్టంగా చూపుతుంది. గీరీ వీధిలో నడిచే ట్రామును 1956 చివర నిలిపివేశారు. తర్వాత ఆ వీధిని కార్ల కోసం విశాలమైన రహదారిగా తవ్వి వెడల్పు చేశారు. దాంతో జపాన్‌టౌన్ ఒక పక్క, ఫిల్మోర్ మరో పక్క పడ్డాయి. బార్ట్ రైలు తొలి ప్రణాళికలో గీరీ మీదుగా మరిన్ కౌంటీకి వెళ్లే మార్గం ఉండేది. 1961 డిసెంబరులో శాన్ మాటియో, 1962లో మరిన్ వైదొలగడంతో ఆ మార్గం రద్దయింది. 1962 నవంబరులో మిగిలిన మూడు కౌంటీల ఓటర్లు 79.2 కోట్ల డాలర్ల రుణపత్రాలకు ఆమోదం తెలిపారు. అవసరమైనది 60 శాతం, లభించింది 61.2 శాతం. 1972 సెప్టెంబరు 11న బార్ట్ నడిచింది. ఇళ్లు, ట్రాము కోల్పోయిన గీరీ వీధికి మాత్రం బస్సే మిగిలింది.

5. లెక్కలోకి రాని వారి గొంతు

పునర్నిర్మాణపు రెండో దశ మొదలయ్యాక, 1967లో వెస్టర్న్ అడిషన్ నివాసులు తమదైన సంఘాన్ని నిర్మించుకున్నారు. కూల్చివేత యంత్రాలకు అడ్డంగా నిలిచారు, న్యాయస్థానానికి వెళ్లారు. 1968 డిసెంబరులో సమాఖ్య న్యాయమూర్తి, నిర్వాసితులకు తగిన పునరావాస ప్రణాళిక లేదంటూ పనులను తాత్కాలికంగా నిలిపివేశారు. 1970లో అమెరికా కాంగ్రెస్ నిర్వాసితుల సహాయ చట్టం చేసింది. అయినా వెళ్లినవారిలో ఎక్కువమంది తిరిగి రాలేదు. ప్రాధాన్యం ఇస్తామంటూ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రాలు చాలా ఇళ్లలో కాగితాలుగానే ఉండిపోయాయి.

ఈ రెండు సంఘాలూ పౌర సంఘాలే. ఒకటి పేట గురించి మాట్లాడింది, మరొకటి పేటనుంచి మాట్లాడింది. ప్రభుత్వ పత్రాలలో 'పౌరుల భాగస్వామ్యం'గా నమోదైంది మొదటిది మాత్రమే. 1970ల రెండో సగంలో స్పర్ తన పేరులో 'పునర్నవీకరణ'ను తీసి 'పరిశోధన'ను పెట్టుకోవడం, ఆ పాత మాటకు ప్రజలలో ఎంత చెడ్డపేరు వచ్చిందో చెప్పకనే చెబుతుంది.

6. ముగింపు

ఈ చరిత్ర తెలుగువారికి దూరమైనది కాదు. బార్ట్ తొలి మార్గం దక్షిణాన ఫ్రీమాంట్‌తో ఆగింది. 1957లో శాంతా క్లారా కౌంటీ ఆ వ్యవస్థలో చేరకపోవడమే అందుకు కారణం. రైలు వార్మ్ స్ప్రింగ్స్‌కు 2017లో, మిల్పిటాస్, శాన్ హోసే అంచుకు 2020లో మాత్రమే చేరింది. ఆ ప్రాంతంలో స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాలు గంటల తరబడి కార్లలో గడపడం వెనుక అరవై ఏళ్ల నాటి ఆ నిర్ణయం కూడా ఉంది. ఇంటి అద్దెలో, ప్రయాణ కాలంలో, ఆరోగ్యంలో వారు చెల్లిస్తున్న మూల్యం ఒకే లెక్కలోని మూడు పద్దులు. ఈ మూడూ విడదీయరానివని ఆ పౌర సంఘం తొలినాళ్లలోనే గ్రహించింది. అది దాని శాశ్వతమైన సేవ.

దాని వైఫల్యం వేరొకచోట ఉంది. ఇంటి లోపాన్ని కొలిచే పనిముట్టుతోనే ఇంట్లో ఉన్న మనిషిని కూడా కొలిచింది. ఆలిస్ గ్రిఫిత్ పేరుతో 1962లో నగరం ఆగ్నేయ మూలన ఒక ప్రభుత్వ గృహ సముదాయం వెలసింది. పేదలు ఉన్నచోటనే ఆరోగ్యంగా బతకాలని పనిచేసిన మనిషి పేరు, ఉన్నచోటు పోయిన పేదలు చేరిన ఊరి అంచు ఇళ్లకు దక్కింది. మురికివాడ, ఆక్రమణ, సుందరీకరణ వంటి మాటలు మన నగరాల నివేదికలలోనూ నిత్యం కనిపిస్తాయి. ఆ మాటల్లో ఏది ఇంటి గురించినదో, ఏది మనిషి గురించినదో వేరుచేసి చదవడం పరిశోధకులు మొదట చేయవలసిన పని.