హుస్తాద్‌వికాలో 39 నిమిషాలు

2019 మార్చి 23, శనివారం. మధ్యాహ్నం రెండు కావస్తోంది. నార్వే పశ్చిమ తీరంలో హుస్తాద్‌వికా అనే చోట, వైకింగ్ స్కై అనే క్రూయిజ్ ఓడ ఇంజన్ కంట్రోల్ రూమ్‌లో ఉన్నారు మీరు. ఇక్కడ కిటికీలు లేవు. సముద్రం కనబడదు, కాళ్లకు తెలుస్తుంది. ఓడ ఒక పక్కకు వాలినప్పుడు ఏదో ఒకటి పట్టుకోవాలి. అది మళ్లీ లేచేదాకా ఊపిరి బిగబట్టాలి. బయట అలల ఎత్తు తొమ్మిది, పది మీటర్లు.

ఈ ఓడలో ఇంజన్ నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పదు. డీజిల్ జనరేటర్లు కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటుతోనే మోటార్లు తిరుగుతాయి, పై అంతస్తుల్లో లైట్లు వెలుగుతాయి, వంటగదిలో పొయ్యిలు కాగుతాయి. జనరేటర్లు నాలుగు. ఒకదాని టర్బోచార్జర్ పాడై మూలన పడింది. త్రోమ్సో రేవు నుంచి మూడింటితోనే బయల్దేరారు. మధ్యలో బోడో రేవులో ఆగాల్సి ఉన్నా, వాతావరణం బాగాలేదని ఆగకుండా వచ్చేశారు. ఇక స్టవాంగర్ చేరాలి.

ఎదురుగా ఉన్న స్క్రీన్ ఈ రోజు తెల్లవారుజాము నుంచే ఏదో చెప్పాలని చూస్తోంది. అయిదు నుంచి తొమ్మిది దాకా, లూబ్రికేటింగ్ ఆయిల్ తగ్గిందంటూ 18 అలారాలు. చూశామని బటన్ నొక్కడం, కొన్ని సెకన్లలో అది దానంతటదే మాయమవడం. తనంతట తానే ఊరుకునే అలారం వెంట ఎవరు పరిగెడతారు? మీరైనా, నేనైనా బటనే నొక్కి ఉండేవాళ్లం.

అసలు సంగతి మీ కాళ్ల కింద, ఆయిల్ సంపుల్లో ఉంది. 68 నుంచి 75 శాతం దాకా ఉండాల్సిన ఆయిల్ 28 నుంచి 40 శాతమే ఉంది. నిండు కుండ తొణకదంటారు, ఇవేమో సగం కూడా నిండని కుండలు. ఓడ వాలిన ప్రతిసారీ ఆయిలంతా ఒక మూలకు పోతోంది. అడుగున పంపు మూతి బయటపడి గాలి పీలుస్తోంది. ఆయిల్ ప్రెషర్ పడిపోతే బేరింగులు మాడిపోతాయి కాబట్టి, ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. యంత్రం తయారుచేసినవాడి కోణంలో అది సరైన పనే. కానీ ఆ యంత్రాన్నే నమ్ముకుని సముద్రం మీద 1,373 మంది ఉన్నారు.

ఒకటీ నలభై అయిదుకు ఒక జనరేటర్ ఆగింది. ఆ తర్వాత మరొకటి. దాన్ని ఎలాగో లేపారు. ఒకటీ యాభై ఎనిమిదికి అన్నీ ఆగిపోయాయి.

ముందు మీకు వినబడేది శబ్దం కాదు, శబ్దం లేకపోవడం. ఇన్ని రోజులూ ఎముకల్లో పలికిన ఆ హోరు తెగిపోయింది. ఎమర్జెన్సీ లైట్లు వచ్చాయి. మరుక్షణం అలారాలు మొదలయ్యాయి, మొదటి పది సెకన్లలోనే దాదాపు వెయ్యి. ఎర్రటి వరసలు స్క్రీన్ మీద చదవలేనంత వేగంగా పరిగెడుతున్నాయి. వాటిలో ఒక్కటే పనికొచ్చేది. అదెక్కడుందో వెతుక్కోవాలి.

పైన బ్రిడ్జి నుంచి ఆపదలో ఉన్నామని మేడే సందేశం వెళ్లింది. రెండు లంగర్లూ దించారు. అవి నేలను పట్టలేదు. గాలి ఓడను రాళ్ల మీదికి నెడుతోంది. హుస్తాద్‌వికా అంటేనే లోతు తక్కువ, నీటి అడుగున రాతి తిప్పలు ఎక్కువ. రెస్టారెంట్‌లో సీలింగ్ పలకలు ఊడి పడుతున్నాయి. బల్లలూ కుర్చీలూ ఒక గోడ నుంచి ఇంకో గోడకు జారుతున్నాయి. లైఫ్ జాకెట్లు తొడుక్కుని జనం గుమిగూడిన చోటికే, తలుపులు బద్దలు కొట్టుకుని ఒక అల వచ్చిపడింది. ఈ సముద్రంలో లైఫ్ బోట్లు దించడం కుదరని పని.

కింద మీవాళ్లు స్టోరేజీ ట్యాంకు నుంచి సంపుల్లోకి ఆయిల్ తోడుతున్నారు. ఆ పూట మొత్తం మీద దాదాపు 10,800 లీటర్లు పోశారు. ఒక జనరేటర్ దగ్గింది, పట్టుకుంది. కరెంటు కొంచెం కొంచెంగా కూడుతోంది. కరెంటు పోయిన 39 నిమిషాలకు రెండు మోటార్లూ తిరిగాయి. అప్పటికే ఒకానొక దశలో ఓడకూ రాళ్లకూ మధ్య ఓడ పొడవంత దూరం, అంటే సుమారు 230 మీటర్లు మాత్రమే మిగిలిందని తర్వాత తేలింది.

మిగతాదంతా ప్రపంచం టీవీలో చూసింది. హెలికాప్టర్లు ఒక్కొక్కరినీ తాడుతో పైకి లాగాయి, సాయంత్రమూ, రాత్రీ, తెల్లారేదాకా. మొత్తం 479 మంది. మధ్యలో ఆ చుట్టుపక్కలే హాగ్లాండ్ కెప్టెన్ అనే సరుకు ఓడ ఇంజన్ కూడా ఆగిపోయింది. అందులోని తొమ్మిది మందినీ హెలికాప్టర్లే కాపాడాల్సి వచ్చింది. ఆదివారం ఉదయం గాలి తగ్గింది. టగ్గులు తోడుండగా, వైకింగ్ స్కై సొంత ఇంజన్లతోనే మధ్యాహ్నం మోల్డె రేవు చేరింది. ఎవరూ చనిపోలేదు. తర్వాతి ప్రయాణం రద్దయింది. ఓడను మరమ్మతులకు క్రిస్టియన్‌సుండ్ పంపారు.

దర్యాప్తు నివేదిక 2024 మార్చిలో వచ్చింది. 2010 జులై తర్వాతి పెద్ద ప్రయాణికుల ఓడలకు ఒక నిబంధన ఉంది: ఒక భాగం దెబ్బతిన్నా సొంత శక్తితో రేవు చేరగలగాలి. నాలుగో జనరేటర్ పనిచేయని ఆ ఓడ ఈ నిబంధనకు నిలవలేదని, అలాంటి స్థితిలో త్రోమ్సో నుంచి బయల్దేరి ఉండకూడదని నార్వే భద్రతా దర్యాప్తు సంస్థ తేల్చింది.

త్రోమ్సోలో ఆగి ఉంటే ఏమయ్యేది? అనుకోని మరమ్మతులంటూ ఒక ప్రకటన, పాడైపోయిన టూరు, డబ్బు వాపసు కోసం రిసెప్షన్ దగ్గర తగాదాలు. అమెరికాలో ఉంటూ అమ్మానాన్నల్ని క్రూయిజ్‌కు తీసుకెళ్లే మన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఎప్పుడైనా మీ ఓడను రేవులోనే ఆపేస్తే డబ్బు తప్పకుండా అడగండి. ఎప్పుడు బయల్దేరతారని మాత్రం తొందరపెట్టకండి.