కారుకు పవర్ పెంచారు సరే.. మరి చక్రం ఎందుకు జారుతోంది? డిఫరెన్షియల్ మార్చే ముందు ఇవి తెలుసుకోండి!

రీమ్యాప్ చేయించారు. పెద్ద ఎగ్జాస్ట్ పెట్టించారు. కాగితం మీద హార్స్‌పవర్ పెరిగింది. తీరా వాన పడిన రోజు సిగ్నల్ దగ్గర మలుపు తిప్పుతూ యాక్సిలరేటర్ తొక్కితే.. లోపలి వైపు చక్రం గిర్రున తిరుగుతుంది, కారు మాత్రం ఊపందుకోదు. చాలామంది దీన్ని టైర్ల తప్పు అనుకుంటారు. అందులో కొంత నిజం ఉంది. కానీ అసలు కథ చాలాసార్లు డిఫరెన్షియల్‌లోనే ఉంటుంది.

అసలు ఇది చేసే పనేంటి?

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్లాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు గట్టిగా బిగిస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. రెండూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే గేర్ల అమరికే డిఫరెన్షియల్. ఫ్రాన్స్‌కు చెందిన ఒనెసిఫోర్ పెకర్ 1827లోనే ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మామూలు కార్లలో నేటికీ దాదాపు అదే సూత్రం. దీన్నే ఓపెన్ డిఫరెన్షియల్ అంటారు.

ఇందులో ఒక చిక్కుంది. ఓపెన్ డిఫ్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన టార్కే ఇస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంది కదా? కానీ ఒక చక్రం ఇసుక మీద ఉండి, అది జారిపోవడానికి 50 న్యూటన్ మీటర్లే చాలనుకోండి. అప్పుడు గట్టి రోడ్డు మీద ఉన్న రెండో చక్రానికి కూడా ఆ 50 మాత్రమే అందుతుంది. ఇంజిన్ దగ్గర ఇంకెంత శక్తి ఉన్నా జారే చక్రాన్ని తిప్పడానికే పోతుంది. మలుపులోనూ ఇదే జరుగుతుంది. బరువు బయటి వైపుకు ఒరిగి లోపలి చక్రం తేలికవుతుంది, పట్టు తప్పుతుంది.

ఊళ్లో ట్రాక్టర్ తోలినవాళ్లకు ఇది కొత్తేం కాదు. దమ్ము చేసే పొలంలో ఒక చక్రం బురదలో దిగబడి ఊరికే తిరుగుతుంటే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతారు. రెండు చక్రాలూ ఒక్కటై తిరిగి బండి బయటపడుతుంది. గట్టి నేల మీదకు రాగానే కాలు తీసేయాలి, లేకపోతే ట్రాక్టర్ మలుపు తిరగదు. పర్ఫార్మెన్స్ కారుకు కావాల్సింది ఈ లాకే, కానీ అవసరమైనంత మేరకు తనంతట తానే పడి, తనంతట తానే వదిలేయాలి. అదే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, పొట్టిగా ఎల్‌ఎస్‌డీ. (పేరు విని కంగారు పడకండి, ఆ మత్తుమందుకూ దీనికీ సంబంధం లేదు!)

1930లలో ఆటో యూనియన్ రేసు కార్లలో పవర్ ఎక్కువై ఒక వెనక చక్రం విపరీతంగా జారుతుంటే, ఫెర్డినాండ్ పోర్షే జడ్‌ఎఫ్ కంపెనీ చేత ఇలాంటిది చేయించాడు. సినిమా ప్రియులకైతే 1992లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'మై కజిన్ విన్నీ' గుర్తుండొచ్చు. అందులో కేసు మొత్తం రోడ్డు మీద సమానంగా పడిన రెండు టైర్ల గుర్తుల దగ్గరే మలుపు తిరుగుతుంది. ఓపెన్ డిఫ్ ఉన్న కారు చక్రం జారిస్తే సాధారణంగా ఒకటే గీత పడుతుంది.

హెలికలా, క్లచ్ ప్లేట్లా?

బయట మార్కెట్లో కొనే ఎల్‌ఎస్‌డీల్లో ప్రధానంగా రెండు రకాలు. మొదటిది హెలికల్ గేర్ రకం. క్వైఫ్, టోర్సెన్ లాంటి పేర్లు వినే ఉంటారు. ఇందులో రుద్దుకునే క్లచ్ ప్లేట్లు ఉండవు. ఏటవాలు పళ్ల గేర్లు లోడ్ పడగానే పక్కకు నొక్కుకుని, పట్టున్న చక్రానికి ఎక్కువ టార్క్ మళ్లిస్తాయి. ఎంత ఎక్కువ అనేది టార్క్ బయాస్ రేషియో చెబుతుంది. ఆ రేషియో 2.5 అయితే, జారే చక్రం 100 న్యూటన్ మీటర్లు మోస్తుంటే రెండోదానికి 250 దాకా వెళుతుంది. శబ్దం రాదు, అరుగుదల తక్కువ, రోజూ ఆఫీసుకు నడుపుకోవచ్చు. 2002 నాటి ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్ కంపెనీ నుంచే క్వైఫ్ డిఫ్‌తో వచ్చింది. టొయోటా 86లో టోర్సెన్ ఉంటుంది.

దీనికీ ఓ బలహీనత ఉంది. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే అది మోసే టార్క్ దాదాపు సున్నా. సున్నాని రెండున్నరతో హెచ్చించినా సున్నాయే కదా! అప్పుడది ఓపెన్ డిఫ్‌లాగే మారిపోతుంది. గట్టి సస్పెన్షన్ వేయించుకుని, ట్రాక్ అంచు గట్ల మీద చక్రం లేపేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు. వేవ్‌ట్రాక్ లాంటి డిజైన్లు వచ్చింది ఈ లోటు తీర్చడానికే.

రెండోది క్లచ్ ప్లేట్ రకం. ఓఎస్ గికెన్, కుస్కో వంటి జపాన్ కంపెనీలకు ఇందులో మంచి పేరు. ప్లేట్లు ముందే కొంత ఒత్తిడితో నొక్కి ఉంటాయి కాబట్టి చక్రం గాల్లో ఉన్నా రెండోదానికి పవర్ అందుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే లాక్ అయితే వన్ వే. కాలు తీసినప్పుడూ అంతే గట్టిగా పట్టేది టూ వే, డ్రిఫ్టింగ్ వాళ్లకు ఇష్టం. రెంటికీ మధ్యలోది 1.5 వే. ఇబ్బంది ఏంటంటే, పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని శబ్దం వస్తుంది. ప్లేట్లు అరుగుతాయి, గేర్ ఆయిల్ తరచూ మార్చాలి. ట్రాక్ మీదకు వెళ్లని కారుకు ఇది అనవసరపు తలనొప్పి అనే చెప్పాలి.

ఇక గేర్లకు వెల్డింగ్ పెట్టి శాశ్వతంగా లాక్ చేసేయడం.. ఖర్చు తక్కువని కొందరు చేస్తుంటారు. ట్రాక్టర్ లాక్ మీద కాలు పెట్టి ఇక తీయకపోవడంతో సమానం. రోడ్డు కారుకు ఈ పని వద్దే వద్దు.

ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా, ఇదెందుకు?

మంచి ప్రశ్న. చాలా కొత్త కార్లు జారే చక్రానికి బ్రేక్ వేసి రెండోదానికి టార్క్ పంపుతాయి. రోజువారీ వాడకానికి అది చాలు. కానీ అది బ్రేకు పట్టి చేసే పని, శక్తి కొంత వేడిగా పోతుంది. ట్రాక్ మీద నాలుగు ల్యాప్‌లు కొడితే ప్యాడ్లు వేడెక్కిపోతాయి. అందుకే మన దేశంలో అమ్మిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 245, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ లాంటి కార్లకు ముందు ఇరుసులో ఎలక్ట్రానిక్ డిఫ్ లాక్ ఇచ్చారు. మీ కారుకు ఇలాంటిది ముందే ఉందేమో చూసుకోండి.

ఇక్కడ జాగ్రత్త!

వెనక చక్రాల డ్రైవ్ ఉన్న కారులో ఓపెన్ డిఫ్ ఉంటే ఒక చక్రం జారినా రెండోది వెనక భాగాన్ని కొంత పట్టి ఉంచుతుంది. ఎల్‌ఎస్‌డీ పెట్టాక హద్దు దాటితే రెండు చక్రాలూ ఒకేసారి పట్టు కోల్పోవచ్చు, వెనక భాగం ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. తడి రోడ్డు మీద ఇది ప్రాణం మీదకు తెచ్చే విషయం. ముందు చక్రాల డ్రైవ్ కారైతే మలుపులో బయటి చక్రం లాగి కారును లోపలికి తిప్పుతుంది, కానీ స్టీరింగ్ చేతుల్లో ఒక పక్కకు గుంజుతుంది. కొత్త డిఫ్ పెట్టిన వారమే ఫుల్ స్పీడుతో ఘాట్ రోడ్డు ఎక్కకండి.

అరిగిన టైర్లతో ఏ డిఫ్ పెట్టినా డబ్బు దండగే. ముందు మంచి టైర్లు, అలైన్‌మెంట్. ఆ తర్వాతే ఇది.

ఫిట్టింగే అసలు పరీక్ష

ముందు చక్రాల డ్రైవ్ కార్లలో డిఫ్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. అంటే గేర్‌బాక్స్ దించి, విప్పాలి. ఎలాగూ దించుతారు కాబట్టి క్లచ్, బేరింగులు, ఆయిల్ సీళ్లు అప్పుడే మార్పించుకుంటే రెండోసారి లేబర్ చార్జి తప్పుతుంది. వెనక డ్రైవ్ కార్లలో క్రౌన్, పినియన్ పళ్ల మధ్య సందు డయల్ గేజ్‌తో కొలిచి, కంపెనీ చెప్పిన లెక్కకు షిమ్‌లతో సరిచేయాలి. పళ్లకు రంగు పూసి తిప్పి, గుర్తు పంటి మధ్యలో పడుతోందో లేదో చూడాలి. గేజ్ లేకుండా 'చేత్తో చూసి చెప్పేస్తా' అనే మెకానిక్‌కు ఈ పని ఇవ్వొద్దు. తేడా కొడితే కారు ఒక వేగం దగ్గర ఊళపెట్టడం మొదలవుతుంది, చివరికి పళ్లు లేచిపోతాయి.

పనిలో పనిగా ఫైనల్ డ్రైవ్ కూడా మార్పిస్తామని అంటారు. 3.9 నుంచి 4.3కి మారితే ప్రతి గేరులో లాగుడు దాదాపు 10 శాతం పెరుగుతుంది. హైవే మీద ఇంజిన్ కూడా అంతే ఎక్కువ తిరుగుతుంది, పెట్రోలు తాగుతుంది. కొన్ని కార్లలో స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది.

చట్టం, ఇన్సూరెన్స్ సంగతేంటి?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అనుమతి లేని మార్పులకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. డిఫ్ వివరం ఆర్‌సీలో కనిపించదు కదా అని ధీమా వద్దు. ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా దాచిన మార్పు క్లెయిమ్ రోజున బయటపడితే చిక్కులు తప్పవు. వారంటీ ఉన్న కారైతే గేర్‌బాక్స్ మీద దాన్ని వదులుకున్నట్టే అనుకోండి.

అన్నీ చూసుకుని పెట్టించుకున్నారా? క్లచ్ ప్లేట్ రకం అయితే ఖాళీ మైదానంలో నెమ్మదిగా ఎనిమిది ఆకారంలో కాసేపు తిప్పండి, ప్లేట్లు కుదురుకుంటాయి. ఆ వెంటనే తొలి ఆయిల్ తీసేయించండి. నల్లగా, సన్నటి లోహపు పొడితో వస్తే భయపడక్కర్లేదు. ముక్కలు వస్తే మాత్రం ఆ రోజే గ్యారేజీకి తీసుకెళ్లండి.