పాత కారవాన్ పునరుద్ధరణ, విద్యుదీకరణ

కారవాన్ అనగా నిద్ర, వంట, నీరు, దీపాలు మొదలైన గృహవసతులు కలిగిన వాహనం. తన ఇంజనుతో తానే నడిచే దానిని మోటారు హోమ్ అని, కారు వెనుక తగిలించి లాగించే దానిని ట్రైలర్ అని అంటారు. తెలుగునాట సినిమా చిత్రీకరణ స్థలాలలో నటీనటుల విశ్రాంతికి వాడే వాహనాల వలన కారవాన్ అనే మాట జనసామాన్యానికి పరిచయమైనది. పాత వ్యానును లేదా మినీ బస్సును బాగుచేయించి, విద్యుత్ స్తంభంతో నిమిత్తం లేకుండా రెండు మూడు రోజులు బస చేయుటకు అనుకూలంగా మార్చుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. శీతోష్ణస్థితికి, దారులకు సంబంధించిన ఉదాహరణలు గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె ప్రాంతాలవి. (2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడుటకు పూర్వం ఈ మూడు పట్టణాలూ గుంటూరు జిల్లాలోనివే.)

చరిత్ర

కారవాన్ పదానికి మూలం పారశీక భాషలోని కార్వాన్. బిడారు అని అర్థం. విహారం కొరకు ప్రత్యేకంగా కట్టించిన తొలి బండ్లలో ఒకటి 1885లో ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే రచయిత చేయించుకొన్న "వాండరర్". అది గుర్రాలు లాగిన బండి. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలో ఫోక్స్‌వాగన్ వ్యానులను గృహవాహనాలుగా మార్చుట మొదలైన పిమ్మట మధ్యతరగతి వారికి కూడా ఇవి అందుబాటులోకి వచ్చినవి.

తెలుగువారికి అత్యంత సుపరిచితమైన గృహవాహనం నందమూరి తారక రామారావు వాడిన "చైతన్య రథం". 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన తరువాత ఆయన పాత షెవర్లే వ్యాను ఒకదానిని మార్పించి, పైకప్పుపై నిలబడి ప్రసంగించుటకు వేదికను, లోపల విశ్రాంతికి ఏర్పాట్లను చేయించాడు. కుమారుడు హరికృష్ణ సారథిగా రాష్ట్రమంతటా పర్యటించాడు. 1983 జనవరిలో జరిగిన శాసనసభ ఎన్నికలలో గెలిచి, 9వ తేదీన ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశాడు. కొత్త వాహనం కొనకుండా, పాతదానిని అవసరానికి తగినట్లు మార్చుకొనుటకు ఇది చక్కని ఉదాహరణ.

వాహనం ఎంపిక, చట్టం

మన ప్రాంతంలో ఇటువంటి మార్పులకు ఎక్కువగా వాడబడేవి టెంపో ట్రావెలర్, స్వరాజ్ మజ్దా వంటి వాహనాలు. కొనుటకు ముందు ఇంజను కంటె మిన్నగా చూడవలసినది ఛాసీ, నేల రేకు, పైకప్పు. సముద్రతీరంలో తిరిగిన వాహనానికి అడుగున ఉప్పు తుప్పు సామాన్యం. ఇంజనును విప్పి బాగుచేయవచ్చును గాని, తుప్పుతో పలుచబడిన ఛాసీపై మంచాలు, నీటి తొట్టి, బ్యాటరీల బరువు మోపుట ప్రమాదకరం.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన మౌలిక వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చుట నిషిద్ధం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా పునరుద్ఘాటించినది. కావున లోపలి అమరిక మొదలుపెట్టుటకు ముందే రవాణా కార్యాలయంలో విచారించి, అనుమతి పొంది, మార్పును రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించవలెను. సొంత వాడకపు వాహనానికి రిజిస్ట్రేషను 15 సంవత్సరాల వరకు చెల్లుతుంది. ఆపై సామర్థ్య పరీక్షతో అయిదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకోవలెను. పాత వాహనం కొనేవారు ఈ గడువును మొదట చూడవలెను. గడువు దగ్గరపడిన వాహనంపై లోపలి అమరికలకు పెట్టిన సొమ్ము వృథా కావచ్చును.

విద్యుత్ అవసరం లెక్కించుట

"ఎన్ని సోలార్ ప్యానెళ్ళు పెట్టవలెను?" అనునది రెండవ ప్రశ్న. "రోజుకు ఎంత విద్యుత్తు ఖర్చు అవుతుంది?" అనునది మొదటిది. ఒక్కొక్క ఉపకరణం తీసుకొనే వాట్లను అది పనిచేసే గంటలతో గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. ఇట్టివి వెయ్యి అయితే మన ఇంటి మీటరులో ఒక యూనిట్. ఇద్దరు ప్రయాణించే చిన్న కారవాన్‌కు ఒక నమూనా లెక్క:

* 28 వాట్ల ఫ్యాన్లు రెండు, 10 గంటలు: 560
* 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు నాలుగు, 5 గంటలు: 100
* 45 వాట్ల చిన్న ఫ్రిజ్, కంప్రెసరు తిరిగే కాలం 12 గంటలు: 540
* 60 వాట్ల నీటి పంపు, అరగంట: 30
* ఫోన్లు, లాప్‌టాప్: 120

మొత్తం 1,350 వాట్-గంటలు. తీగలలోను, ఇన్వర్టరులోను కలిగే నష్టానికి 20 శాతం కలిపితే 1,620. అంటే రోజుకు ఒకటిన్నర యూనిట్లకు కొంచెం పైన.

ఎయిర్ కండిషనర్ సమస్య

పై జాబితాలో ఏ.సి. లేకుండుట గమనార్హం. ఒక టన్ను ఏ.సి. సగటున 700 వాట్ల చొప్పున రాత్రి 8 గంటలు నడిస్తే 5,600 వాట్-గంటలు ఖర్చు అవుతుంది. మిగిలిన ఉపకరణాలన్నీ కలిపి వాడేదానికి ఇది నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. నష్టాలు కలుపుకొని దీనికొక్కదానికే దాదాపు 1,800 వాట్ల ప్యానెళ్ళు కావలెను. 100 వాట్ల ప్యానెలుకు సుమారు అర చదరపు మీటరు స్థలం అవసరం కనుక మొత్తం 9 చదరపు మీటర్లు కావలెను. అయిదు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు గల కప్పు మొత్తం వైశాల్యమే 8.5 చదరపు మీటర్లు. గాలి కిటికీ, అంచులు పోగా మిగిలేది ఆరు మీటర్లే. కనుక ఎంత సొమ్ము వెచ్చించినా చిన్న వ్యాను కప్పుపై పడే ఎండతో రాత్రంతా ఏ.సి. నడుచుట సాధ్యం కాదు.

నీటి కూలరు కూడా ఇక్కడ అక్కరకు రాదు. అనంతపురం వంటి పొడి ప్రాంతాలలో అది చల్లదనమిస్తుంది గాని, బాపట్ల తీరంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉండుట వలన ఉక్కపోత హెచ్చుతుంది. కాబట్టి కోస్తాలో అనుసరించదగిన మార్గం వేడిని లోపలికి రానీయకుండుటయే. కప్పుకు తెల్లరంగు వేయుట, రేకుకు లోపలి అట్టకు మధ్య ఉష్ణనిరోధక పలకలు అమర్చుట, కప్పుకు ప్యానెళ్ళకు మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ వదులుట, ఎదురెదురు కిటికీలకు దోమతెరలు బిగించుట, కప్పులో గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టుట ముఖ్యమైనవి. వీటికి అయ్యే ఖర్చు ఏ.సి. కొరకు పెంచవలసిన బ్యాటరీల ఖర్చులో కొద్ది భాగమే. వేసవి నెలలలో ఏ.సి. తప్పనిసరి అనుకొనేవారు విద్యుత్ వసతి గల బసలో రాత్రి గడుపుట మేలు.

సోలార్ ప్యానెళ్ళు

బాపట్ల సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ ప్యానెలును దక్షిణానికి వాల్చకుండా కప్పుపై సమతలంగా బిగించినా నష్టం స్వల్పం. సగటున రోజుకు 5 గంటల పూర్తి ఎండకు సమానమైన సౌరశక్తి లభిస్తుందని, అందులో 75 శాతం చేతికి వస్తుందని అనుకొంటే, 1,620 వాట్-గంటలకు 430 వాట్ల ప్యానెళ్ళు సరిపోతాయి. ముసురు పట్టిన రోజులలో ఇందులో మూడవవంతు కూడా రాకపోవచ్చును.

ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలుస్తారు. ఆపై ప్రతి డిగ్రీకి 0.3 నుండి 0.4 శాతం తగ్గుతుంది. ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 12 నుండి 16 శాతం నష్టం. కప్పునకు అతికించే పలుచని ప్యానెళ్ళ కంటె, కింద గాలి ఆడే గట్టి చట్రపు ప్యానెళ్ళు మేలనుటకు ఇదే కారణం. చెట్టునీడ ఒక మూల పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. వాహనాన్ని నీడలో నిలిపి ప్యానెలును ఎండలో ఉంచదలచినవారు, మడతపెట్టే ప్యానెల్ ఒకటి పొడవైన తీగతో వెంట ఉంచుకొనవచ్చును. ప్యానెలుకు, బ్యాటరీకి మధ్య చార్జి కంట్రోలరు తప్పనిసరి. వీటిలో ఎం.పి.పి.టి. రకం ఖరీదైనా ఎక్కువ విద్యుత్తును రాబడుతుంది.

బ్యాటరీలు

ఇళ్ళలో ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకొనుట మంచిది. తరచు అంతకు మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. ఒక రోజు అవసరమైన 1,620 వాట్-గంటలకు 12 వోల్టుల వద్ద 135 ఆంపియర్-గంటలు, అంటే 270 ఆంపియర్-గంటల బ్యాటరీలు కావలెను. 150 ఆంపియర్-గంటలవి రెండు కలిపితే బరువు వంద కిలోలు దాటుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడుకొనవచ్చును. అదే అవసరానికి 170 ఆంపియర్-గంటలది ఒక్కటి చాలు. బరువు సుమారు ఇరవై కిలోలు. పాత వాహనానికి తగ్గే ఈ ఎనభై కిలోలు విలువైనవి. అయితే వేడి రెండింటికీ శత్రువే. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉష్ణోగ్రత 25 డిగ్రీలపై ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయరాదు. తలుపులు మూసి ఎండలో నిలిపిన వ్యానులో ఆ వేడి తేలికగా వస్తుంది. కావున బ్యాటరీని నేలకు దగ్గరగా, ఎండ తగలని చోట, గాలి ఆడునట్లు బిగించవలెను. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక దాని పెట్టె నుండి బయటికి గొట్టం ఉండవలెను.

ఇంజనుతో చార్జింగ్, ఇన్వర్టరు

ప్రయాణంలో ఇంజనుకు తగిలించిన ఆల్టర్నేటరు నుండి కూడా గృహ బ్యాటరీని నింపవచ్చును. పాత వాహనంలో లిథియం బ్యాటరీని నేరుగా కలిపితే అది విపరీతంగా కరెంటు లాగి ఆల్టర్నేటరును కాల్చివేయగలదు. మధ్యలో డి.సి.–డి.సి. చార్జరు ఉంచితే ఆ కరెంటు పరిమితమవుతుంది. 30 ఆంపియర్ల చార్జరుతో గంటసేపు ప్రయాణిస్తే సుమారు 360 వాట్-గంటలు చేరుతాయి. ముసురు రోజులలో ఇది ఆదుకొంటుంది. ఇంజను బ్యాటరీని, గృహ బ్యాటరీని వేరువేరుగా ఉంచుట వలన రాత్రి ఫ్యాను తిరిగినా ఉదయం బండి స్టార్టు అవుతుంది.

12 వోల్టులతో నేరుగా పనిచేసే ఫ్యాన్లు, దీపాలు, ఫ్రిజ్ ఎంచుకొంటే ఇన్వర్టరు అవసరం తగ్గుతుంది. కావలసివస్తే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోవలెను. 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యిని 12 వోల్టుల బ్యాటరీపై నడిపితే 166 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ఇంటి వైరింగు తీగ అంత కరెంటుకు కాలిపోతుంది. బ్యాటరీకి అతి దగ్గరగా ఫ్యూజు, లావైన పొట్టి రాగి కేబుల్ తప్పనిసరి. పాత వైరింగును అతుకులతో పొడిగించక, గృహ విభాగానికి కొత్త వైరింగు వేయించుట క్షేమం.

ప్రాణరక్షణ

కారవాన్‌లో కంటికి కనిపించని ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్ వాయువు. దీనికి రంగు, వాసన లేవు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు ప్రక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు మృతిచెంది కనిపించారు. జనరేటరు నుండి వెలువడిన ఈ వాయువు లోపలికి చేరుటయే కారణమని తదుపరి పరీక్షలలో తేలినది. తుప్పు పట్టి నేల రేకుకు రంధ్రాలు పడిన పాత వాహనాలలో ఈ ముప్పు మరింత ఎక్కువ. కావున:

* జనరేటరు గాని, ఇంజను గాని నడుస్తుండగా నిద్రించరాదు.
* పొయ్యిని, బొగ్గుల కుంపటిని వెచ్చదనానికై లోపల వెలిగించి ఉంచరాదు.
* కార్బన్ మోనాక్సైడ్‌ను పసికట్టి మోగే అలారమును పడకకు సమీపంలో ఉంచవలెను.
* వంటగ్యాసు గాలి కంటె బరువైనది. సిలిండరు గదికి నేల మట్టాన బయటికి రంధ్రం ఉండవలెను. బ్యాటరీని అదే గదిలో ఉంచరాదు.
* మంటలార్పే సాధనం తలుపు దగ్గర, చేతికి అందునట్లు ఉండవలెను. లోపలి నుండి తెరువగల రెండవ మార్గం ఉండవలెను.

తీరప్రాంత జాగ్రత్తలు

ఉప్పుగాలి వలన తీగల కొనలు పచ్చబారి, కరెంటుకు అడ్డుపడి వేడెక్కుతాయి. తగరపు పూత గల రాగి లగ్గులు, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడి, అతుకులకు పెట్రోలియం జెల్లీ పూయవలెను. సూర్యలంక, నిజాంపట్నం వంటి తీరాల నుండి తిరిగి వచ్చిన వెంటనే అడుగు భాగాన్ని, ప్యానెళ్ళను మంచినీటితో కడుగవలెను. కప్పుపై వేసిన ప్రతి రంధ్రాన్ని వానాకాలానికి ముందు పరీక్షించి సీలు చేయవలెను.

బాపట్ల, రేపల్లెలను కలుపుతూ తీరం వెంబడి 216వ జాతీయ రహదారి పోతుంది. రహదారి దిగి డెల్టా కాలువగట్లపైకి పోదలచినవారు నేల స్వభావం గుర్తుంచుకోవలెను. వాన కురిసిన నల్లరేగడిలో బరువైన బండి దిగబడితే ట్రాక్టరు వచ్చేవరకు కదలదు. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉన్నందున నిషిద్ధ ప్రాంతాలకు దూరంగా, అనుమతి ఉన్నచోటనే బస చేయవలెను. శీతకాలం చివర ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ప్రకాశవంతమైన దీపాలు పిల్లలను సముద్రం నుండి దారి తప్పిస్తాయి గనుక రాత్రి వెలుపలి దీపాలు ఆర్పివేయవలెను.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటినది. హెచ్చరిక వెలువడిన వెంటనే వాహనాన్ని తీరం నుండి లోతట్టుకు తరలించవలెను. ఎత్తైన కారవాన్ పెనుగాలికి తేలికగా ఒరుగుతుంది. తుఫాను తరువాత కరెంటు లేని రోజులలో మాత్రం, సక్రమంగా అమర్చిన ఇటువంటి వాహనం ఒక కుటుంబానికి దీపం, ఫ్యాను, ఫోను చార్జింగు, చల్లగా ఉంచవలసిన మందులకు ఫ్రిజ్ అందించగలదు.

ఇవి కూడా చూడండి

* చైతన్య రథం
* సౌర విద్యుత్తు
* సూర్యలంక
* బాపట్ల జిల్లా