కైఫీయతుల నుండి కంప్యూటరు వఱకు: మన సీమయందు గ్రంథరక్షణ చరిత్రము



సంవత్సరమున కొకమాఱు మనమందఱము నొకచోట గూడి, విద్యార్థి వేతనములను గూర్చియు, సత్రపు నిధులను గూర్చియు నాలోచించుట పరిపాటి. ఈ సంచిక కొక చరిత్రవ్యాసము వ్రాయుమని కార్యనిర్వాహకులు నన్నాజ్ఞాపించిరి. మన పూర్వుల ఘనతను వర్ణించుట సులభము. కాని యా ఘనతకు సాక్ష్యములైన వ్రాతలు నేఁ డెక్కడ నున్నవి, వానిని గాపాడినవా రెవరు, ఇఁకమీఁద గాపాడవలసినవా రెవరు అను ప్రశ్నము దానికంటె ముఖ్యమని తలఁచి, దానినే యిచ్చట విచారించుచున్నాను.

మన సీమ తెలుఁగు వ్రాతకుఁ బుట్టినిల్లు. ఎఱ్ఱగుంట్ల మండలములోని కలమళ్ల శాసనము రేనాటి పాలకుఁడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమునాఁటిది, క్రీ.శ. 575 ప్రాంతమునకుఁ జెందినదని పండితుల నిర్ణయము. తెలుఁగున లభించిన శాసనములలో నదియే మొదటిదని ప్రసిద్ధి. ఱాతిమీఁదఁ జెక్కినది గావున పదునాలుగు శతాబ్దములు నిలిచినది. తాటాకునకుఁ గాని కాగితమునకుఁ గాని యంత యాయువు లేదు. వానిని బ్రతికించు నుపాయ మొక్కటియే: శిథిలము గాకమునుపే మఱియొక ప్రతి వ్రాయుట.

1800లో దత్తమండలములు నిజామునుండి యీస్టిండియా కంపెనీ వశమయ్యెను. ఆ కాలమునఁ గల్నల్ కాలిన్ మెకంజీ, కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల తోడ్పాటుతో దక్షిణదేశమంతట స్థానిక చరిత్రలను సేకరింపఁజేసెను. కరణముల కవిలెలు, దేవాలయ శాసనములు, వృద్ధుల నోటిమాటలు చేర్చి గ్రామగ్రామమునకును వ్రాయఁబడిన యా వృత్తాంతములే కైఫీయతులు. అందు రాజుల కథలే గాక చెఱువులు, మాన్యములు, వృత్తులవారి హక్కులు నుండుటచే, నవి సామాన్యుల చరిత్రకు నిక్షేపములు.

మెకంజీ 1821లో మరణించెను. ఆ సంపుటములు నశింపకుండఁ గాపాడినవారిలో ముఖ్యుఁడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1820లోఁ గడపకు నుద్యోగిగా వచ్చి, తెలుఁగు నేర్చి, యచ్చటనే బంగళా కొని, పండితులకు సొంత ధనముతో జీతము లిచ్చి పరిష్కరణము సాగించెను. అతని పద్ధతిని మనము గమనింపవలెను. ఒక గ్రంథమునకుఁ బెక్కు ప్రతులు దెప్పించుట, పాఠభేదములు పోల్చుట, శుద్ధప్రతి వ్రాయించుట, వెదకువారికి సులభముగా విషయసూచిక చేర్చుట యను నీ నాలుగు పనులను జేసెను. శిథిలమగుచున్న కైఫీయతులకును ఇట్లే ప్రతులు వ్రాయించెను. ఆతని తెలుఁగు నిఘంటువు 1852లో వెలువడెను.

ఆ బంగళా కాలక్రమమున మొండిగోడలైనది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూర చందాలు గూర్చి, యాచోటనే బ్రౌను పేరిట గ్రంథాలయము నిలిపిరి. నేఁ డది యోగి వేమన విశ్వవిద్యాలయమునకుఁ జేరిన భాషాపరిశోధన కేంద్రము. మన జిల్లా కైఫీయతులు కట్టా నరసింహులుగారి సంపాదకత్వమున నచ్చటినుండియే సంపుటములుగా నచ్చయినవి.

తాటాకునుండి కాగితమునకు, కాగితమునుండి యచ్చునకు వచ్చిన యక్షరము మన కాలమునఁ గంప్యూటరునకు వచ్చినది. బ్రౌను నిఘంటువు 1903 నాఁటి ముద్రణమును షికాగో విశ్వవిద్యాలయమువా రింటర్నెట్టునం దుంచిరి. ఇచ్చట నొక సూక్ష్మమును దెలియవలెను. పుట ఛాయాచిత్రము వేఱు, వెదకుటకు వీలగు పాఠము వేఱు. ఛాయాచిత్రమును గంటితోఁ జదువవలసినదే. అక్షరములుగాఁ గూర్చిన పాఠములో నొక యింటిపేరును క్షణమునఁ బట్టవచ్చును. అట్లు కూర్చుటకుఁ బ్రతి యక్షరమునకును సంకేతసంఖ్య యుండవలెను. 1991లోనే తెలుఁగునకు యూనికోడులో స్థానము లభించినను, రేనాటి శాసనములలోని ప్రాచీనాక్షరమగు ‘ఴ’ 2014లో మాత్రమే చేరినది. అంతవఱకు మన తొలి శాసనములను యథాతథముగా యూనికోడులోఁ గూర్చుటకే సాధనము లేదు.

కంప్యూటరున కెక్కినది శాశ్వతమని భ్రమపడరాదు. తెలుఁగువాఁడైన రాజ్ రెడ్డిగారు మొదలగువారి యుద్యమముచేఁ బుట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలకొలఁది తెలుఁగు గ్రంథముల పుటలను జిత్రించెను. కొన్నియేండ్లకు నా వెబ్‌సైటు మూఁతపడెను. అందలి గ్రంథములలోఁ బెక్కింటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులోఁ జేరియుండుటచేతనే నేఁడు మనము చదువఁగలుగుచున్నాము. 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిష్ లైబ్రరీపై సైబరు దాడి జరుగఁగా, చిత్రించియుంచిన వ్రాతప్రతులు సైతము నెలలకొలఁది పాఠకులకు దొరకలేదు. అంతటి సంస్థకే యట్లయిన, ఒక గృహస్థుని ఫోనులో నున్న చిత్రముల మాట వేఱుగఁ జెప్పనేల?

ఇఁక నా తప్పునుఁ జెప్పుకొనవలెను. మా తాతగా రటుకమీఁద దాచిన తాటాకుల కట్ట లుండెడివి. ఉద్యోగమునకై యూళ్లు తిరుగు కాలమున వానిని విప్పి చూచితినికాను. తిరిగి వచ్చి విప్పఁగాఁ జెదలు సగము దినివైచినవి; తక్కినవి ముట్టుకొనఁగనే పొడియయ్యెను. ఆచారము ననుసరించి పాపఘ్నిలోఁ గలిపితిని. సంస్కృతము చదివినవాఁడను, పిల్లలకుఁ జదువు చెప్పినవాఁడను. నా యింటి వ్రాతనే కాపాడలేకపోయితిని. అందులో నేమి యుండెనో యిఁక నెవరును జెప్పలేరు.

మా తుమ్మలపల్లె నేలక్రింది యురేనియమును వెలికిఁ దీయుటకుఁ గేంద్రప్రభుత్వ సంస్థయే గని త్రవ్వినది. మన యటుకలమీఁది యక్షరములను వెలికిఁ దీయవలసినవారము మనమే. ఇందు మఱియొక ప్రయోజనము గలదు. సంఘ సంచికలలో మన వంశములను గూర్చి వ్రాయు వ్రాఁతలలో నాధారము లేని ప్రశంసలు పెక్కు. వానిని జూచి యన్యులు నవ్వుదురు. మన పిల్లలు నమ్మరు. మాన్యపుఁ బత్రము, దానపత్రము, కవిలె కట్ట యేదైన నొక్కటి చూపఁగలిగిన నూఱు ప్రశంసలకంటె మేలు. ఆ పత్రము మనకుఁ బ్రతికూలముగా నున్నను దాఁచరాదు. దాఁచినచోఁ జరిత్ర యనిపించుకొనదు.

కావున నీ మహాసభవారికి నా విన్నపము. మూలప్రతిని యింటివారియొద్దనే యుంచి, వారి యనుమతితోఁ జిత్రములు దీయవలెను. ప్రతిదానికిని గ్రామము, గృహస్థుని పేరు, చిత్రించిన తేది, విషయము వ్రాసియుంచవలెను. వివరము లేని చిత్రము తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డవంటిది. మూఁడు ప్రతులు మూఁడుచోట్ల నుంచి, యం దొకటి కడప బ్రౌను కేంద్రమువంటి సంస్థ కొప్పగింపవలెను. కోటికి మించిన వ్రాతప్రతుల లెక్కింపునకై కేంద్రప్రభుత్వము 2025లో ‘జ్ఞానభారతం’ ప్రకటించినది. మన జాబితా సిద్ధముగా నున్న నందుఁ జేరవచ్చును. అన్నింటికంటె ముఖ్యము, ఏఁటేఁట నిధి. దీపము వెలిగించుట యొకనాఁటి పని, చమురు పోయుట నిత్యపు పని.

దాతలారా, సత్రమున కిచ్చిన ధనముతో నేఁటి యతిథి భుజించును. దీని కిచ్చినదానితో రేపటి సంతతి తన్నుఁ దాను తెలిసికొనును. ఈ వ్యాసమందలి దోషములను విజ్ఞులు మన్నించి, తమ యటుకల నీ వారమే యొకపరి దింపి చూతురుగాక యని ప్రార్థించుచున్నాను.