రిచ్ ఎడిట్ కంట్రోల్

రిచ్ ఎడిట్ కంట్రోల్ అనేది విండోస్ డెస్క్‌టాప్ అనువర్తనాలలో పాఠ్యాన్ని వ్రాయడానికి, దిద్దడానికి, తీర్చిదిద్దడానికి మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన సాఫ్టువేరు భాగం. సాధారణ ఎడిట్ కంట్రోల్‌లో పాఠ్యమంతా ఒకే ఫాంటులో ఉంటుంది. ఇందులో అక్షరాలకు వేర్వేరు ఫాంట్లు, పరిమాణాలు, రంగులు, పేరాలకు వేర్వేరు అమరికలు ఇవ్వవచ్చు.

చరిత్ర

దీని మొదటి రూపం 1995లో విండోస్ 95తో వెలువడింది. రెండవ రూపంలో యూనికోడ్ సదుపాయం, చేసిన మార్పులను ఒకదాని వెంట ఒకటిగా రద్దుచేసే వీలు చేరాయి. 4.1 రూపం 2002లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. వర్డ్‌ప్యాడ్ దీని ఆధారంగానే పనిచేసేది. 2024లో విండోస్ 11 24హెచ్2 నుండి వర్డ్‌ప్యాడ్‌ను తొలగించారు. ఈ కంట్రోల్ మాత్రం కొనసాగుతున్నది.

పనిచేయు విధానం

ముందుగా దీని డీఎల్ఎల్ ఫైలును ప్రోగ్రాములోకి లోడ్ చేయాలి. లేనిచో కంట్రోల్ ఏర్పడదు. తరువాతి పనులు చాలావరకు సందేశాల ద్వారా జరుగుతాయి. ఎంచుకున్న పాఠ్యాన్ని బొద్దుగా మార్చడానికి క్యార్‌ఫార్మాట్ అనే స్ట్రక్చరును నింపి పంపాలి. ఏ లక్షణం మారాలో తెలిపే మాస్కును నింపకపోతే మార్పు జరుగదు. పాఠ్యాన్ని అలంకరణతో సహా ఆర్‌టీఎఫ్ రూపంలో భద్రపరచవచ్చు.

తెలుగు పాఠ్యం

ఈ కంట్రోల్‌లో స్థానాలను కంటికి కనిపించే అక్షరాలను బట్టి కాక, యూనికోడ్ సంకేతాలను బట్టి లెక్కిస్తారు. ఉదాహరణకు "స్త్రీ" చూపుకు ఒకే అక్షరం, కాని అందులో ఆరు సంకేతాలున్నాయి. మొదటి మూడింటినే తీసుకుంటే "స్త" మాత్రమే మిగులుతుంది. కనుక తెలుగు పాఠ్యాన్ని విడదీసే ప్రోగ్రాములు అక్షరాల సరిహద్దులను గుర్తించడం తప్పనిసరి.