ఎనిమిది సంకేతాలు, నాలుగు అక్షరాలు

హైదరాబాద్ పాతబస్తీలోని మా ఉప్పుగూడలో రైలెక్కితే యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ దాటి సికింద్రాబాద్ చేరతాం. అక్కడి రిజర్వేషన్ కౌంటర్ల ముందు గంటలకొద్దీ నిలబడ్డ తరానికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. అద్దం వెనక గుమాస్తా, ఆయన ముందు నల్లటి తెర, తెర మీద మెరిసే అక్షరాలు. మౌస్ లేదు. మనం నింపి ఇచ్చిన ఫారం మీద ఒక చూపు, తెర మీద ఒక చూపు. చేతులు మాత్రం కీబోర్డు వదలవు. సికింద్రాబాద్‌కు ఎస్‌సీ, కాచిగూడకు కేసీజీ అని పొడి అక్షరాలు కొట్టగానే టికెట్ బయటికి వచ్చేది. రైల్వే వారి క్రిస్ సంస్థ తయారు చేసిన ఆ 'కాన్సర్ట్' వ్యవస్థ దేశంలో మొట్టమొదట నడిచింది 1994లో, సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలు కూడా దానితో కలిశాయి. టెర్మినల్ అన్న మాట వినకపోయినా, మా పాతబస్తీ జనం టెర్మినల్‌ను చూసింది ఆ కౌంటర్లలోనే.

ఈ మధ్య ఒక పాత లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించుకుని, దాని బలానికి తగ్గ టెర్మినల్ కోసం, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ కోసం, వెతుకుతున్నప్పుడు ఆ నల్ల తెర మళ్ళీ గుర్తొచ్చింది. మొదలు ఎక్కడా అని తవ్వుతూ పోతే పత్రికాఫీసుల్లో టకటకలాడిన టెలిప్రింటర్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

1963లో వచ్చిన టెలిటైప్ 33 అనే టెలిప్రింటర్ సెకనుకు పది అక్షరాలు కొట్టేది, అవీ ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టినప్పుడు యంత్రంతో మాట్లాడే సాధనం ఇలాంటిదే. అందుకే నేటికీ యూనిక్స్ బాటలో నడిచే లినక్స్‌లో టెర్మినల్ పేరు 'టీటీవై', అంటే టెలిటైప్. ఎల్ఎస్, సీపీ, ఎంవీ అని ఆజ్ఞలు అంత పొట్టిగా ఉండటం కూడా ఆ నెమ్మది యంత్రం నాటి పొదుపే. సరిగ్గా ఆ 1969లోనే మన హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. ఈసీఐఎల్ పుట్టి అప్పటికి రెండేళ్ళు. ఆ సంగతి ఈ ఊళ్ళో పిల్లలకు బడిలో చెప్పాలని నాకు బలంగా అనిపిస్తుంది.

కాగితం పోయి గాజు తెర వచ్చాక 1978లో డిజిటల్ కంపెనీ వీటీ100 తెచ్చింది. 80 నిలువు వరసలు, 24 అడ్డ వరసలు. ఆ 80 కూడా సొంతం కాదు, 1928 నాటి ఐబీఎం పంచ్‌కార్డు ఇచ్చిన వారసత్వం. లెక్కల పుస్తకంలోలా తెరంతా గళ్ళు, గడికో అక్షరం. ఈ కథకంతటికీ ఆయువుపట్టు ఈ గడే. తెర మీద బొమ్మలు గీయక్కర్లేదు, ఏ గడిలో ఏ అక్షరమో గుర్తుంటే చాలు. టెర్మినల్ తేలికగా ఉండటానికీ, అరవై ఏళ్ళు బతకటానికీ కారణం అది.

1984లో ఎక్స్‌టర్మ్ అనే ప్రోగ్రాం వచ్చి అంత బరువైన పెట్టెను తెర మీద ఒక కిటికీగా మార్చింది. అప్పటినుంచి టెర్మినల్ వస్తువు కాదు, వస్తువును అనుకరించే ప్రోగ్రాం. లినక్స్ పుట్టుక కూడా ఇలాంటి అనుకరణలోనే. 1991లో లినస్ టోర్వాల్డ్స్ తన ఇంటి కంప్యూటర్ నుంచి హెల్సింకీ విశ్వవిద్యాలయం యూనిక్స్‌ను అందుకోవటానికి ఒక టెర్మినల్ ఎమ్యులేటర్ రాసుకున్నాడు. దానికి డిస్కు చదవటం నేర్పాడు, ఫైళ్ళు దాచటం నేర్పాడు. అది పెరిగి పెరిగి ఆపరేటింగ్ సిస్టమ్ అయింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది బరువు తగ్గించే పనిలోనో, వేగం పెంచే పనిలోనో పడ్డారు. ఆర్ఎక్స్‌వీటీ ఎక్స్‌టర్మ్‌లో అరుదుగా వాడే భాగాలు తీసేసింది. దాని వారసుడు యూఆర్ఎక్స్‌వీటీ ఒకే ప్రక్రియతో ఎన్ని కిటికీలనైనా నడిపింది. ఎస్‌టీ అయితే అమరికలు మార్చాలంటే సీ భాషలో ఉన్న మూలాన్నే దిద్ది మళ్ళీ కంపైల్ చేసుకోమంటుంది. 2017లో అలాక్రిటీ గ్రాఫిక్స్ చిప్‌తో వేగం సాధించింది. ఈ-పుస్తకాల ప్రోగ్రాం క్యాలిబర్ రాసిన కోవిడ్ గోయల్ కిట్టీ ఇచ్చాడు. నా పాత లాప్‌టాప్‌కు నేను ఎంచుకున్నది ఫుట్. తెర మీద కిటికీలను చూపే కొత్త వ్యవస్థ వేలాండ్ మీద మాత్రమే నడుస్తుంది, గ్రాఫిక్స్ చిప్ బలం అడగదు. డెబియన్‌లో 'ఏపీటీ ఇన్‌స్టాల్ ఫుట్' అంటే వచ్చేస్తుంది. అమరికలన్నీ 'ఫుట్ డాట్ ఐఎన్ఐ' అనే చిన్న పాఠ్య ఫైలులో ఉంటాయి: ఫాంటు ఒక వరస, రంగులు కొన్ని వరసలు. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే పైకి పోయిన పాఠంలో వెతుకుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఓ నొక్కితే తెర మీది ప్రతి లంకెకూ ఒక అక్షరాల గుర్తు తగిలిస్తుంది, ఆ గుర్తు కొడితే లంకె తెరుచుకుంటుంది. కిటికీలన్నిటినీ ఒకే ప్రక్రియ నడిపే సర్వర్ పద్ధతిలో నడిపితే కొత్త కిటికీ కనురెప్ప పాటులో వస్తుంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆ పద్ధతిలో సర్వర్ కూలితే కిటికీలన్నీ కూలతాయి.

అన్నీ కుదిరాక మా పేట పేరు తెలుగులో కొట్టి చూశాను. చిక్కు అక్కడ బయటపడింది.

ఉప్పుగూడ. యూనికోడ్ లెక్కలో ఇందులో ఎనిమిది సంకేతాలు: ఉ, ప, పొల్లు, ప, కొమ్ము, గ, కొమ్ముదీర్ఘం, డ. యూటీఎఫ్-8లో 24 బైట్లు. బడిపిల్లాడి లెక్కలో నాలుగే అక్షరాలు: ఉ, ప్పు, గూ, డ. మరి టెర్మినల్ ఎన్ని గళ్ళు ఇవ్వాలి? ఒక ప్రోగ్రాం ఒక లెక్క కడుతుంది, తెర ఇంకో లెక్క కడుతుంది. కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. అలాక్రిటీ, ఎస్‌టీ సంకేతాలను విడివిడిగానే గీస్తాయి కనుక వత్తు కిందికి దిగదు. హార్ఫ్‌బజ్ అనే అక్షరాల కూర్పు సాధనం సాయం తీసుకునే ఫుట్, కిట్టీ, ఎన్నో భాషలకోసమే పుట్టిన ఎంఎల్‌టర్మ్ నయం. అయినా గడి వెడల్పు తగాదా పూర్తిగా తీరలేదు.

మన తెలుగు టైప్‌రైటర్ దీన్ని ఎప్పుడో పరిష్కరించింది. వత్తు కొట్టినప్పుడు బండి కదిలేది కాదు, అంతే. ఆ తర్వాత ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్ చేతికి వచ్చిన జిస్ట్ కార్డును పీసీలో గుచ్చితే డాస్ నల్ల తెర మీదే తెలుగు కనిపించేది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్ మెనూలను తెలుగులోకి తెచ్చింది. అన్ని చోట్లా తెలుగు అడుగుపెట్టింది, టెర్మినల్ గడప దగ్గర మాత్రం ఆగిపోయింది. 'ప్పు'ను, పాఠాన్ని అక్షరాలుగా విడదీసే యూనికోడ్ నియమం ఒక్క అక్షరంగా ఒప్పుకున్నదే 2023లో, 15.1 సంచికలో. అప్పటిదాకా 'ప్', 'పు' రెండు ముక్కలు. ఉప్పుగూడ అయిదు ముక్కల పేరు.

నియమం ఇప్పుడు మన పక్షాన ఉంది. దాన్ని అమలు చేయాల్సినవాటిలో ఇక్కడ చెప్పిన ప్రోగ్రాములన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, మూలం తెరిచే ఉంది. కానీ దిద్దేవాళ్ళలో తెలుగు చదవగలిగినవాళ్ళు అరుదు. మీరు ఏ టెర్మినల్ వాడుతున్నా ఈ రాత్రి దాన్ని తెరవండి. మీ ఊరి పేరు తెలుగులో కొట్టండి. బాణం మీటతో ఒక్కో అక్షరం వెనక్కి జరగండి. కర్సర్ ఎక్కడ తప్పుతుందో ఫొటో తీసి, ఎన్ని గళ్ళు రావాలో రాసి, దాన్ని తయారు చేసినవాళ్ళకు పంపండి.